అట్ట కింద చీటీ

మార్చి 4

ఒరేయ్ జిగురూ,

బస్సు దిగి నాలుగు రోజులైంది. కూర్చుని కాగితం పట్టుకోవడం ఇప్పటికి కుదిరింది. మూడు నెలలు మూసిన బైండింగ్ కొట్టు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. కోత మిషనుకి తుప్పు, గుడ్డ చుట్టలకి ఎలుకలు, జిగురు డబ్బాలో బూజు. చిన్నప్పుడు నువ్వు వేలితో నాకి నాన్న చేత ఆ పేరు పెట్టించుకున్నావే, ఆ డబ్బాయే. తలుపు సందులో పదకొండు చీటీలున్నాయి. స్కూలు రిజిస్టర్ల వాళ్లయితే "బైండింగ్ మానేశారా, ఊరే మానేశారా?" అని రాసి పోయారు.

నిన్ను ఆ అద్దె గదిలో ఒక్కణ్ణే వదిలి రావడం నాకేం సరదా కాదు. గుండె మార్చి మూడు నెలలు దాటింది, ఇంక తోడు అక్కర్లేదు, ఏడాది పాటు హాస్పిటల్ దగ్గర్లో ఉండి పరీక్షలకి వస్తే చాలని పెద్ద డాక్టరే అన్నాడు కదా. ఫోను చేస్తానన్నావు. ముప్ఫయ్యేళ్లు ఆ మిషను పక్కన నిలబడ్డ చెవులురా ఇవి. నువ్వు మాట్లాడితే నాకు గాలి వినబడుతుంది. నీకేమో అరిచే ఓపిక లేదు. ఉత్తరమే మేలు.

మాత్రలు పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి. అవి ఆపితే ఒళ్లు ఆ గుండెని పరాయిదనుకుని తోసేస్తుందని కళ్లద్దాల నర్సు నీకంటే నాకే ఎక్కువసార్లు చెప్పింది.

ఇంకో సంగతి. ఆ ప్రశ్నల డాక్టరమ్మ నెలనెలా కాగితం ఇస్తుంది కదా, నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, దేని మీదైనా మనసు పోతోందా అని తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వెయ్యాలి. కళ్లు మూసుకుని సున్నాలు పెట్టెయ్. గుండె కోసం వరసలో నీ పేరు ఎక్కించే ముందు కూడా ఆవిడ ఇలాగే అడిగింది, గుర్తుందా? నువ్వు "ఏమోనండీ, ఒక్కోసారి..." అని మొదలెట్టావు. నేను బల్ల కింద నీ కాలు తొక్కి "మావాడు గట్టి పిండమండీ" అన్నాను. ఆ రోజు తొక్కకపోతే నీకు గుండె వచ్చేదా? దిగులుమనిషికి ఎవరిస్తారు? ఇప్పుడు మాత్రం ఏం నమ్మకం, మతి చెడిందని ఫైల్లో రాసి మూలన పడేస్తే? చిన్నప్పుడు లెక్కల్లో అడక్కుండానే తెచ్చేవాడివి సున్నాలు. ఇప్పుడు అక్క అడుగుతోంది, తే.

మాస్కు లేకుండా బయట తిరిగితే వచ్చి చెవి మెలిపెడతాను.

నీ అక్క

మార్చి 15

పెద్దమేస్త్రీ గారికి,

నీ ఉత్తరం చదువుతుంటే నీ గొంతు గదంతా వినబడింది. కింద ఇంటి ఓనరమ్మ తలుపు కొడుతుందేమోనని భయమేసింది.

నేను బాగున్నాను. ఆ ముక్క ముందే రాసేస్తే మిగతాది నువ్వు తీరిగ్గా చదువుతావు. మాత్రల పెట్టె మంచం పక్కనే ఉంది. వారానికి ఏడు గదులు, ఒక్కో గదిలో పొద్దుటికో అర, సాయంత్రానికో అర. కిటికీ తీస్తే హాస్పిటల్ వెనక గేటు. అంబులెన్సులు వచ్చేది అటే. మొదట్లో లెక్కపెట్టేవాణ్ణి, ఇప్పుడు పరదా వేసేశాను.

నువ్వు చెప్పినట్టే తొమ్మిదికి తొమ్మిది సున్నాలు పెట్టాను. కళ్లద్దాల నర్సు చూసి "భలే, అందర్లోకీ మీరే ఫస్టు" అంది. నలభై నాలుగేళ్ల వయసులో సున్నాలతో ఫస్టు వచ్చాను, నాన్న ఉంటే చూసి సంతోషించేవాడు. ఆ కాగితం వరండాలో నిలబడి, గోడకి ఆనించి నింపాలి. వెనక పదిమంది ఉంటారు. చదివే టైము కూడా ఉండదు. ఒకందుకు అదే మంచిది.

పలకరించినవాళ్లంతా పునర్జన్మ, పునర్జన్మ అంటున్నారు. ఓనరమ్మయితే నా పుట్టినరోజే మార్చేసింది, ఇకమీదట ఆపరేషన్ రోజేనట. నేనూ నవ్వుతాను. ఎవరో పోతూ ఇచ్చినదాన్ని మోస్తూ మొహం వేలాడేస్తే బాగోదు కదా. పుట్టినవాడు ముందు ఏడుస్తాడంటారు. నాకు అదీ రావడం లేదు.

చేతులు ఖాళీగా ఉంటే తోచట్లేదు. నర్సునడిగితే ఒకవైపే అచ్చయిన పాత కాగితాలు ఓ కట్ట ఇచ్చింది. సూదీ దారం కొన్నాను. ఏదో ఒకటి కుడతాను.

నీ తమ్ముడు

మార్చి 27

ఒరేయ్ జిగురూ,

పరదా తియ్. మనిషికి వెలుతురు కావాలి. మొహం వేలాడేయడం అన్నావు, నీ మొహం ఎప్పుడు నిటారుగా ఉంది గనక? నాన్న మూతే నీది. జనం పునర్జన్మ అంటే అననీ, నోరారా మంచిమాట అంటున్నారు.

మొన్న ఓ ముసలాయన లావుపాటి డిక్షనరీ తెచ్చాడు. పైన ఎవడో ఎర్ర రెక్సిన్ తొడిగాడు, లోపల ఆకులు ఊడి చేతికొస్తున్నాయి. పైన పటారం, లోన లొటారం. రెక్సిన్ పీకి, పుస్తకం వీపుకి అంటించిన పాత గుడ్డ తడిపి లాగితే ఏముందనుకున్నావు? నాన్న చీటీ! నలభయ్యేళ్ల కిందటిది. "చివర్లో నాలుగు ఆకులు లేవు. పదో మడత కుట్టు బలహీనం. తర్వాత విప్పేవాడు జాగ్రత్త" అని ఆ చీమతలకాయ అక్షరాలతో.

మనకి కుట్టు కంటే ముందు నేర్పింది ఆ చీటీయే కదరా. తీసుకెళ్లేవాడికి "బ్రహ్మాండంగా వచ్చిందండీ" అనాలి. లోపం మాత్రం ఉన్నదున్నట్టు చీటీ మీద రాసి వీపు గుడ్డ కింద అంటించాలి. "కొన్నవాడికి అట్ట, విప్పినవాడికి చీటీ" అనేవాడు. ఇంకే బైండరూ ఇలా చేసినట్టు నేను వినలేదు. నువ్వు ఎనిమిదేళ్లప్పుడు నీ లెక్కల పుస్తకానికి కూడా అంటించావు, "ఈ పుస్తకం గలవాడికి ఏమీ రాదు" అని. నాన్న విప్పి చూసి పగలబడి నవ్వాడు, కొట్టలేదు.

ఆ చీటీ చేతిలో పట్టుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత ముసలాయన వస్తే అలవాటు కొద్దీ "బ్రహ్మాండంగా వచ్చిందండీ" అన్నాను.

పెద్ద ఉత్తరం రాయి. ఒక పేజీ రాసి పారేస్తే నాకు ఆనదు.

అక్క

ఏప్రిల్ 12

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. నర్సు ఇచ్చిన కాగితాలతో కట్టింది. అట్టకి నా పాత నీలం చొక్కా గుడ్డ వేశాను. ఆపరేషన్ ముందు తొడుక్కున్నదే, ఇప్పుడు వదులైపోయింది. కుట్టు ఎలా ఉందో విప్పి చూసి చెప్పు. మేస్త్రీవి నువ్వే కదా, ఇంకెవరికి చూపించను?

హాస్పిటల్ వాళ్లు ఒక పని చెప్పారు. గుండె ఇచ్చినవాళ్ల ఇంటికి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాయొచ్చట. ఎవరో మనకి చెప్పరు, మన పేరు వాళ్లకి చెప్పరు, మధ్యలో వీళ్లే చేరవేస్తారు. మూడు వారాలుగా రాస్తున్నాను. "నమస్కారం. మీ దయవల్ల నేను బతికున్నాను" అన్న దగ్గర ఆగిపోతోంది. ఆ తర్వాత ఏం రాయాలక్కా? వరసలో ఉన్న ఏడు నెలలూ ఫోను మోగాలని రోజూ మొక్కుకున్నాను. ఫోను మోగాలంటే ఏమవ్వాలి? ఎవరో ఒకరు పోవాలి. అంటే నేను రోజూ మొక్కింది దానికే కదా. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి. తిండి సరిగా సహించట్లేదు, ఎండల వల్లేనేమో.

పుస్తకం సంగతి రాయి.

తమ్ముడు

ఏప్రిల్ 24

ఒరేయ్ జిగురూ,

నీ చేతులు బంగారం! పార్సిల్ విప్పగానే పక్క ప్రింటింగ్ ప్రెస్సాయన్ని పిలిచి చూపించాను. "మూలలు చూశారా, ఛాతీ కోయించుకుని అయిదు నెలలు తిరక్కుండా మావాడు కట్టింది" అన్నాను. ఆయన నోరు వెళ్లబెట్టాడు. అద్దాల బీరువాలో పై అరలో పెట్టాను, తలుపు తియ్యగానే కనబడుతుంది. విప్పి చూడమంటావేంట్రా, అంత ముచ్చటైన పుస్తకాన్ని విప్పి పాడుచేసుకోవడానికి నాకేమైనా పిచ్చా?

ఆ రెండో సంగతి. అలాంటి మాట మళ్లీ అనకు. పోయినవాళ్లు నీ మొక్కు వల్ల పోలేదు. నీ మొక్కులకే అంత బలముంటే లెక్కల్లో పాసయ్యేవాడివి. ఇది ఆ ప్రశ్నల డాక్టరమ్మ దగ్గర మాత్రం వాగకు, గోరంతని కొండంత చేస్తుంది. ఉత్తరం రాయలేకపోతే మానెయ్. శుభ్రంగా తిను, పడుకో, బుర్రకి పని చెప్పకు.

నీ ఎత్తు స్టూలు ప్రెస్సాయనకి ఇచ్చేశాను. నువ్వొచ్చాక ఆ స్టూలెక్కి కోత మిషను దగ్గర కూర్చోనిస్తానా ఏంటి? హాయిగా కుర్చీలో కూర్చుని పెత్తనం చేద్దువుగాని.

అక్క

మే 9

అక్కా,

ఉత్తరం అందింది. స్టూలు ఇచ్చేశావా. సరే.

ఈ నెల కూడా సున్నాలే పెట్టాను. బాగున్నాను.

తమ్ముడు

మే 20

ఏమయ్యా దొరగారూ,

మూడు ముక్కల ఉత్తరం రాయడానికి కవరెందుకు, కాగితమెందుకు? పావురానికి చెప్పి పంపకపోయావా! స్టూలు ఇచ్చేశానని అలిగావు, అంతేగా? నలభై నాలుగేళ్లొచ్చినా మూతి ముడుపు పోలేదు. నిన్ను ఇంక పనికి రావనుకున్నానని అర్థం చేసుకున్నావేమో, నీ బుర్ర అటే పరిగెడుతుంది. నేను ఆ ఉద్దేశంతో ఇవ్వలేదు. కావాలంటే వెళ్లి తెచ్చుకుంటాను, ప్రెస్సాయన కాళ్లు పట్టుకుంటాను, సరేనా?

తిండి సహిస్తోందా? నర్సు ఏమంటోంది? గుండెలోంచి చిన్న ముక్క తీసి చేసే ఆ పరీక్ష ఈ నెల్లో ఉందని నేనక్కడున్నప్పుడే అన్నారు, ఏమైంది? ఒక్కటీ రాయలేదు. తిరుగు టపాలో జవాబు రాకపోతే నేనేం చేస్తానో నాకే తెలీదు.

స్టూలుకి క్షమాపణలు చెప్పుకుంటున్న అక్క

జూన్ 2

ఒరేయ్ నాన్నా,

నేను ఇక్కడే ఉన్నాను. నువ్వు పడుకున్న అద్దాల గదికి ఇవతల, వరండాలో, నీలం బెంచీ మీద. ఇవాళ ఎవరినీ లోపలికి రానివ్వరట. కళ్లద్దాల నర్సు ఈ కాగితం చదివి వినిపిస్తానంది. తల్లీ, ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు, నన్ను నేను తిట్టుకున్నవి కూడా చదువు.

మొన్న శనివారం స్కూలు హెడ్‌మాస్టరు బీరువాలో నీ పుస్తకం చూసి తియ్యమన్నారు. తీసి ఆయన చేతికిస్తూ చివరి మడత చూశాను. నీ ముడి నాకు తెలుసురా. రెండు చుట్లు చుట్టి, లోపలికి దోపి, గోటితో నొక్కుతావు. అక్కడ దారం ముడి వెయ్యకుండా ఊరికే వదిలేసి ఉంది. హెడ్‌మాస్టరు చేతిలోంచి లాక్కుని, ఆయన చూస్తుండగానే నీళ్లలో గుడ్డ ముంచి వీపు తడిపాను.

చీటీ ఉంది. "ఏప్రిల్ 11. ఈ పుస్తకం కట్టినవాడు లోపల సరిగా లేడు. నిద్ర లేదు. సాయంత్రం మాత్రలు కొన్నిసార్లు వేసుకోవడం లేదు. మర్చిపోయి కాదు. దొంగిలించిన వస్తువుకి కాపలా కాస్తున్నట్టుంది. ఎవరికైనా చెబుదామంటే అక్క కాలు తొక్కుతుంది. విప్పినవాడు జాగ్రత్త."

ఆరు వారాలు! ఆరు వారాలు అది నా కళ్లెదురుగా ఉంది. నువ్వు విప్పమని రాశావు. నేను అద్దాల వెనక పెట్టి వచ్చేపోయేవాళ్లకి చూపించుకున్నాను. బైండరు కడుపున పుట్టి, బైండరుగా ముసలిదాన్నై, అట్ట చూసి మురిసిపోయాను.

దొరికిన బస్సెక్కాను. నీ గదికి వెళ్తే ఓనరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. పరీక్షకి నువ్వు రాలేదని నర్సే వెతుక్కుంటూ వచ్చిందట, మెట్ల మీద ఊపిరాడక కూర్చుని ఉన్నావట. మాత్రల పెట్టె చూశాను. పొద్దుటి అరలు కొన్ని ఖాళీ, సాయంత్రపు అరలన్నీ నిండుగా ఉన్నాయి. బల్ల మీద ఆ థాంక్స్ ఉత్తరం, రెండే లైన్లు.

నువ్వు అలిగి కూర్చున్నావని నేను అనుకుంటున్న రోజుల్లో నీ ఒళ్లు ఆ గుండెని తోసేస్తోంది.

ప్రశ్నల డాక్టరమ్మ దగ్గరికి ఆ చీటీ పట్టుకుని వెళ్లాను. నాకు చెవుడని తెలిసి, ఆవిడ చెప్పాల్సినవన్నీ ఆ ప్రశ్నల కాగితాల వెనకే రాసి ఇచ్చింది. ఇదిగో, ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను. "దిగులు ఉందంటే గుండె ఇవ్వరని మీకెవరు చెప్పారు? దిగులుంటే మందిస్తాం, కూర్చుని మాట్లాడతాం, తోడు నిలబడి గుండె ఇప్పిస్తాం. గుండె మార్చుకున్నవాళ్లలో చాలామందికి ఇది వస్తుంది. అది పిచ్చీ కాదు, కృతజ్ఞత లేకపోవడమూ కాదు. పట్టుకుంటే తగ్గుతుంది. పట్టుకోవడానికే ఆ కాగితం." తర్వాత ఇంకో కాగితం తీసి రాసింది. "తప్పు మాదీ ఉంది. ఛాతీ కోసిన మనిషి నెలనెలా తొమ్మిది సున్నాలు రాస్తే మేము ఆగి అడగాల్సింది. వరండాలో నిలబెట్టి నింపించకూడదు. నాకే ఎప్పుడూ తొమ్మిది సున్నాలు రావు."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ ఆవిడ పిలిచి మరీ అడిగింది. నీ నోరు నొక్కింది నేను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను రా. నువ్వు పోతావేమోనన్న భయంతో ఆ రోజు కాలు తొక్కాను, ఆ తర్వాత తియ్యడం మర్చిపోయాను. నన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు వెంటనే "సరే" అంటావు, నీ సంగతి నాకు తెలుసు.

ఖాళీగా కూర్చుని ఏం చెయ్యాలో తోచక ఆవిడ దగ్గర ఒక ప్రశ్నల కాగితం అడిగి తీసుకుని నేనూ నింపాను. కూర్చునే నింపాను, తొందరేం లేదు. నిద్రకి మూడు. దిగులుకి రెండు. "మీ వల్ల మీ ఇంటివాళ్లకి అన్యాయం జరిగిందని అనిపిస్తోందా" అన్నదానికి మూడే ఉంది, ఇంకా పెద్ద అంకె లేదు. మొత్తం పన్నెండొచ్చింది. నువ్వు లేని కొట్లో ఈ మూడు నెలలూ ఒక్కదాన్నే కూర్చుని గోడతో మాట్లాడాను. నీకు రాసిన ఉత్తరాల్లో ఆ ముక్క లేదు కదూ? జోకులే ఉన్నాయి. నా కాలు తొక్కినవాళ్లు కూడా ఎవరూ లేరు. ఆ కాగితం దీంతో జత చేశాను.

స్టూలు వెనక్కి తెచ్చాను. కోత మిషను ముందే పెట్టి వచ్చాను.

అద్దంలోంచి నీ పాదాలు కనబడుతున్నాయి. కొంచెం కదిపితే చాలు.

అక్క

జూన్ 7

అక్కా,

చెయ్యి తిన్నగా లేదు, అక్షరాలు తిట్టుకోకు.

నర్సు నీ ఉత్తరం చదివింది. మధ్యలో రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత నేనే ఇంకోసారి చదువుకున్నాను. కాళ్లు కదిపాను, అప్పుడు నువ్వు బెంచీ మీద నిద్రపోతున్నావట.

స్టూలు ఇచ్చేశావంటే, అక్క కూడా నేను రాననే లెక్కేసుకుందని అనుకున్నాను. నువ్వు అలిగాననుకున్నావు. ఇద్దరం ఇద్దరమే.

చీటీ అంటించినప్పుడు నువ్వు విప్పుతావనే అనుకున్నాను. విప్పకపోయేసరికి ఒకరకంగా హాయిగా కూడా అనిపించింది. రాసేశాను, ఇంక నా బాధ్యత అయిపోయింది అని. నాన్న నేర్పిన దాంట్లో ఉన్న చిక్కు అదేనక్కా. చీటీ చదివేసరికి పుస్తకం ఊడిపోయే ఉంటుంది.

పెద్ద డాక్టరు పొద్దున వచ్చాడు. మందులు పట్టాయట. కానీ గుండెకి జరిగిన నష్టంలో కొంత ఇంక తిరిగి రాదట. నా గది మెట్లు, కోత మిషను, బరువులు, అవన్నీ అయిపోయినట్టే. ఎన్నాళ్లు అని అడిగాను. "చూద్దాం" అన్నాడు. నాకు అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది. ఎవరిదో ఆ గుండె, పాపం, నాలుగు నెలలు నా కోసం బాగా కొట్టుకుంది. నేనే దాన్ని సరిగా చూసుకోలేదు. ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటిసారి. నర్సు ఆపలేదు, గ్లాసుడు నీళ్లు పక్కన పెట్టి నిలబడింది.

థాంక్స్ ఉత్తరంలో మూడో లైను రాశాను. "మీ మనిషి పోయినందుకు నేను రోజూ బాధపడుతున్నాను" అని. ఆ తర్వాత నాలుగోది, అయిదోది వచ్చాయి.

ప్రశ్నల డాక్టరమ్మ నిన్న కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఒక్కో ప్రశ్న చదివి, నేను చెప్పేదాకా ఆగింది. తొమ్మిదో ప్రశ్న నీకు తెలుసు కదా, బతకాలని లేకపోవడం గురించి. దానికి కూడా నిజమే చెప్పాను. ఆవిడ లేచి వెళ్లిపోలేదు, కంగారు పడలేదు. "ఇంకా చెప్పండి" అంది. గంట సేపు చెప్పాను. రోజూ వస్తానంది.

నాకు ఇరవై రెండొచ్చింది. నీది పన్నెండే, నువ్వు నా ముందు ఎందుకూ పనికిరావు. నీ కాగితం కూడా ఆవిడకే ఇచ్చాను. నిన్నూ కూర్చోబెట్టి అడుగుతుంది, తప్పించుకోకు.

ఆ ఇరవై రెండుని నా ఫైలు అట్ట మీద పెద్దంకెలతో నేనే రాశాను. నర్సు, లోపల రాసుకుంటాం లెండి అంది. వద్దు, అట్ట మీదే ఉండనివ్వండి అన్నాను.

రేపు నిన్ను లోపలికి రానిస్తారట. వచ్చి పక్కన కూర్చో. కాలు మాత్రం తొక్కకు.

నీ జిగురు